ఆ కుర్చీ ఎవరిది? సెలూన్‌లో టిప్పు సంగతి

మల్కాజిగిరిలో మా వీధి చివర ఒక సెలూన్ ఉంది. నాలుగు కుర్చీలు, రెండు ఫ్యాన్లు, గోడకి ఒక టీవీ. కటింగ్ 150 రూపాయలు. ఐదారేళ్లుగా ఒకే కుర్రాడి దగ్గర చేయించుకుంటున్నాను. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చాడు, తెలుగు బాగానే పట్టుబడింది. ఇదివరకు 200 నోటిచ్చి, అతను చిల్లర కోసం సొరుగు తెరిచేలోపే "ఉండనీలే" అని మెట్లు దిగేసేవాణ్ణి. అందులో ఆలోచించేందుకేమీ ఉండేది కాదు.

తర్వాత కౌంటర్ మీదికి స్కానర్ వచ్చింది. దాని పక్కకి మాట్లాడే డబ్బా వచ్చింది. ఒక ఆదివారం 150కి బదులు 180 కొట్టాను. నూట ఎనభై రూపాయలు అందాయని డబ్బా షాపంతటికీ వినబడేలా అరిచింది. కౌంటర్ దగ్గర కూర్చున్న ఓనర్ తలెత్తి, "సార్, 30 ఎక్కువ కొట్టారు" అంటూ సొరుగులోంచి మూడు పది నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు. నిజాయతీపరుడు, తప్పు పట్టడానికి లేదు. కుర్రాడు నేల మీది జుట్టు ఊడుస్తూ తల ఎత్తలేదు. ఆ నోట్లు అతనికివ్వాలంటే ఓనర్ కళ్ల ముందే ఇవ్వాలి. ఏం చేయాలో తోచక జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చేదాకా గిల్టీగానే ఉంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే తలా ఒక మాట అన్నారు. బోర్డు మీద రేటు రాసి పెట్టాక పైన ఇంకెందుకన్నారు నాన్న. అతని జీతమెంతో తెలుసా అంది మా ఆవిడ. న్యూజెర్సీ నుంచి సెలవుకొచ్చిన బావమరిదయితే ఇది అసలు ప్రశ్నే కాదన్నట్టు చూశాడు. ముగ్గురూ చెప్పింది నిజమే, కాకపోతే ముగ్గురి మనసులో ఉన్న సెలూన్ ఒకటి కాదు. నాన్న చెప్పే షాపులో కత్తెర పట్టేవాడే ఓనరు. మా ఆవిడ వెళ్లే పార్లర్‌లో పని చేసేది జీతానికున్న అమ్మాయి. బావమరిది వెళ్లే చోట కుర్చీ ఒక్కటే అద్దెకిస్తారు. మనమిచ్చే డబ్బు ఏ దారిన ఎవరి జేబులోకి పోతుందో షాపు షాపుకీ మారుతుంది. దాన్నిబట్టే జవాబూ మారుతుంది.

మేర నుంచి రేట్ల బోర్డు దాకా

మన ఊళ్లలో మొదట కటింగ్‌కి రేటు అనేదే లేదు. నాయీ బ్రాహ్మణ కుటుంబాలకు ఊళ్లో ఇళ్లు పంచి ఉండేవి. కత్తులు, కత్తెరలు పెట్టుకునే పొది చేతిలో పట్టుకుని ఆయనే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని క్షవరం చేసేవాడు. ఆ పూటకి డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. పంట చేతికొచ్చాక కళ్లంలో కుమ్మరికి, చాకలికి కొలిచినట్టే ఆయనకీ ధాన్యం కొలిచేవాళ్లు. దాన్నే మేర అంటారు. ఏడాది పొడుగునా చేసిన పనికి ఒక్కసారే కూలి. అదీ పంట పండితేనే.

మేర కాక పైన వచ్చేది వేరుగా ఉండేది. పెళ్లికొడుకుని చేసేటప్పుడు గోళ్లు తీసినందుకు, పిల్లల పుట్టువెంట్రుకలు తీసినందుకు, పెళ్లిలో డోలు సన్నాయి వాయించినందుకు బట్టలు, బియ్యం, పళ్లెంలో రూపాయలు ఇచ్చేవాళ్లు. పండక్కి దసరా మామూలు. ఇప్పుడు మనం టిప్పు అంటున్న దానికి మన భాషలో ఈనాం, కట్నం, మామూలు, బక్షీసు అని ఇన్ని పేర్లున్నాయంటే అలవాటు కొత్తదేమీ కాదన్నమాట. తెలంగాణలో ఇప్పటికీ వినబడే "చాయ్ పైసలు" కూడా ఆ వరసలోదే.

కాకపోతే ఆ ఇవ్వడంలో పైనున్నవాడు కిందికి విసిరే తీరు ఉండేది. ఎంతివ్వాలన్నది ఇచ్చేవాడి ఇష్టం. తీసుకునేవాడు అడక్కూడదు, అడిగితే పొగరు. అరుగు మీద కూర్చుని గెడ్డం గీయించుకునే పెద్దమనిషి పుచ్చుకునేవాణ్ణి ఏమని పిలిచేవాడో వయసు మళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కులం పేరు పెట్టి, చివర్న ఒక ఏకవచనం తగిలించి. ఆ పిలుపులు అవమానకరమనీ వాటిని వాడకూడదనీ 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇవ్వాల్సి వచ్చింది.

చిన్న పట్టణాల్లో పాత సెలూన్‌కి వెళితే అద్దం పక్కన ఫ్రేము కట్టిన అట్ట ఒకటి కనిపిస్తుంది. పైన సంఘం పేరు, కింద కటింగ్ ఇంత, షేవింగ్ ఇంత, చిన్నపిల్లలకి ఇంత, మంగళవారం సెలవు. మనం దాన్ని ధరల పట్టికలాగే చూస్తాం. నాకు మాత్రం అది మేర మీదా ఈనాం మీదా గెలిచిన పత్రంలా కనబడుతుంది. పనికి విలువ కట్టేది చేయించుకునేవాడు కాదు, పని చేసేవాడే అని ఆ అట్ట చెబుతోంది. వారానికొక సెలవు కూడా అతనే పెట్టుకున్నాడు.

అందుకని సొంత షాపులో సొంతంగా కత్తెర పట్టే మనిషికి టిప్పు ఇవ్వకపోతే చిన్నబుచ్చినట్టు కాదని నా నమ్మకం. రేటు ఆయన పెట్టుకున్నదే. చిన్నబుచ్చడం ఎప్పుడవుతుందంటే, పోయినసారి 100 కదా, ఇప్పుడు 120 ఏమిటని కూరగాయల బండి దగ్గర అడిగినట్టు బేరమాడినప్పుడు. పెంచిన రేటు మారు మాట్లాడకుండా ఇవ్వండి, అది ఏడాదంతా ఇచ్చే టిప్పు. పండగ రోజు ఓ స్వీటు ప్యాకెట్టో, పిల్లాడి మొదటి కటింగ్ రోజు ఓ 500 నోటో ఇస్తే అది వేరే సంగతి. అది చుట్టరికం.

సగం సగం షాపులు

మా వీధి చివరి సెలూన్ ఈ రకం కాదు. నాలుగు కుర్చీల్లో ఓనర్ కత్తెర పట్టేది ఒక్కదాని దగ్గరే, అదీ రద్దీ ఉన్నప్పుడు. మిగతా మూడూ పనివాళ్లవి. ఇలాంటి షాపుల్లో నెల జీతం అరుదు. ఎక్కువగా నడిచేది వాటా పద్ధతి. చేసిన పనిలో సగం ఓనర్‌కి, సగం కుర్రాడికి. కొన్నిచోట్ల వాటా కొంచెం అటూ ఇటూ అవుతుంది. షాపు అద్దె, కరెంటు, బ్లేళ్లు, క్రీములు ఓనర్ చూసుకుంటాడు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేశారు కాబట్టి చిన్న షాపులకి ఆ ఖర్చు కొంత తగ్గింది. అది మిగిలేది మీటర్ ఎవరి పేరున ఉంటే వాళ్లకి. కుర్చీ వెనక నిలబడినవాడికి కాదు.

సగం వాటా అంటే నా 150లో కుర్రాడికి 75. అరగంట పని. ఆదివారం పొద్దున ఏడింటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాడు, కూర్చునే తీరిక ఉండదు. బుధవారం మధ్యాహ్నం అదే కుర్రాడు ఫోన్ చూసుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంటాడు, ఆ పూట వచ్చేది సున్నా. మంగళవారం ఎలాగూ షాపు మూత. శ్రావణంలో, కార్తీకంలో, మాల వేసుకునే రోజుల్లో గిరాకీ పడిపోతుంది. దీక్షలో ఉన్నవాళ్లు 41 రోజులు కత్తెర ముట్టుకోరు. జీతం లేని మనిషికి ఈ లెక్కలన్నీ కడుపుకి తగిలే లెక్కలే.

ఇక్కడ నేనిచ్చే 20 రూపాయలు వాటా లెక్కలోకి రావు, మొత్తం అతనివే. 75 వచ్చే చోట 95 అవుతాయి. ఇచ్చేవాడికి పెద్ద తేడా తెలియని మొత్తం పుచ్చుకునేవాడి కూలిలో నాలుగోవంతు పైమాట. టిప్పుకి నిజంగా అర్థం ఉన్న చోటు ఏదైనా ఉందంటే అది ఇలాంటి షాపే. తమాషా ఏమిటంటే, మాల్‌లో 500 కటింగ్‌కి 50 పెట్టేవాళ్లే ఈ షాపుల్లో అణా పైసలతో లెక్క చూసుకుంటారు.

చేతికి నోటు అందే రోజుల్లో ఇదంతా దానంతటదే జరిగిపోయేది. మన దేశంలో టిప్పు ఎప్పుడూ పర్సెంటేజీ లెక్కన పుట్టలేదు, చిల్లరలోంచి పుట్టింది. 130కి 150 ఇస్తే 20 మిగిలేది, 80కి 100 ఇస్తే ఇంకో 20. ఇచ్చేవాడు దాన్ని దానమనుకోలేదు, పుచ్చుకునేవాడు ముష్టి అనుకోలేదు. మధ్యలో చిల్లర లేకపోవడమనే మర్యాదైన సాకు ఉండేది. యూపీఐ వచ్చాక రేటు ఎంతో అంతే, పైసాతో సహా. సాకు పోయింది. ఇప్పుడు టిప్పు ఇవ్వాలంటే ఇస్తున్నానని తెలిసి, వేరేగా, అందరూ చూస్తుండగా ఇవ్వాలి. మొహమాటస్తులకి అది చేతకాదు. పైగా గోడకి అంటించిన స్కానర్ ఓనర్ ఖాతాది. అందులో ఎక్కువ కొట్టిన డబ్బు కుర్రాడికి చేరాలంటే ఓనర్ తల్చుకోవాలి.

ఏసీ సెలూన్ల లెక్క

మాల్‌లోనో మెయిన్ రోడ్డు మీదో ఉండే చైన్ సెలూన్లలో కుర్చీకీ మనిషికీ సంబంధం ఇంకా దూరం. షాపు బ్రాండ్‌ది కూడా కాకపోవచ్చు, ఫ్రాంచైజీ తీసుకున్న ఎవరో ఇన్వెస్టర్‌ది. స్టైలిస్ట్‌కి నెల జీతం ఉంటుంది. దాని మీద ఇన్సెంటివ్. ఆ ఇన్సెంటివ్ మొదటి బిల్లు నుంచీ రాదు. జీతానికి ఇన్ని రెట్లు బిల్లింగ్ చేయించాలని టార్గెట్ ఉంటుంది, అది దాటాకే పర్సెంటేజీ మొదలవుతుంది.

ఇది తెలిస్తే ఆ సెలూన్లలో జరిగే ఒక తంతు అర్థమవుతుంది. కుర్చీలో కూర్చోగానే తల మీద చెయ్యేసి, "సార్, డాండ్రఫ్ బాగా ఉంది, హెయిర్ స్పా చేసేయమంటారా?" అంటారు. వద్దంటే "జుట్టు రాలుతోంది సార్, సీరం తీసుకోండి." దానికీ వద్దంటే మొహం కాస్త ముడుచుకుంటుంది. మన తల మీద ఉన్నది డాండ్రఫ్ కాదు, అతని టార్గెట్. ఒట్టి కటింగ్ చేయించుకుని లేచిపోయే గిరాకీ వల్ల ఆ స్టైలిస్ట్‌కి పెద్దగా ఒరిగేదేమీ లేదు. నెలలో పదో తారీకున మనల్ని చూసి నవ్వినవాడే ముప్పయ్యో తారీకున టెన్షన్‌గా ఎందుకుంటాడో ఈసారి గమనించండి.

అందుకే అక్కడ అవసరం లేని 1,200 రూపాయల స్పాకి మొహమాటపడి ఒప్పుకోవడం కన్నా, "వద్దు బాబూ" అని నవ్వుతూ చెప్పి, కటింగ్ నచ్చితే వెళ్లేటప్పుడు 50 చేతిలో పెట్టడం ఇద్దరికీ నయం. స్పా బిల్లులో ఎక్కువ భాగం కంపెనీకి పోతుంది. 50 అతని జేబులో ఉంటుంది.

తల కడిగే కుర్రాణ్ణి మాత్రం మర్చిపోతాం. అతను నేర్చుకునే దశలో ఉంటాడు, అందరికన్నా తక్కువ జీతం అతనిదే. షాంపూ నీళ్లలో నానీ నానీ వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి ఉంటుంది. బిల్లు మీద స్టైలిస్ట్ పేరుంటుంది, ఇతని పేరు ఉండదు. నేను ఇచ్చేదాంట్లో అతని చేతికి విడిగా ఓ 20 ఇస్తాను. స్టైలిస్ట్‌కి ఇచ్చి ఇద్దరూ పంచుకోండంటే పంపకం ఎలా ఉంటుందో మనకి తెలిసిందే.

కౌంటర్ దగ్గర ఇంకో చిక్కుంది. కార్డుతో కట్టేటప్పుడు టిప్పు కూడా కలపమంటారా అని అడుగుతారు. కలపండి తప్పులేదు, కానీ అది స్టైలిస్ట్‌కి ఎప్పుడు, ఎలా చేరుతుందని ఒక్క ప్రశ్న వేయండి. కొన్నిచోట్ల అందరి టిప్పులూ ఒక డబ్బాలో వేసి నెలాఖరున పంచుతారు. కొన్నిచోట్ల జీతంతో కలిపి ఇస్తారు. అడిగితే తడుముకున్నారంటే నగదే మేలు.

బిల్లులో జీఎస్టీ చూసి, ఇంత కట్టాక మళ్లీ టిప్పా అని విసుక్కునేవాళ్లున్నారు. ఆ పన్ను సర్కారుకి పోతుంది, అందులో ఒక్క రూపాయి కూడా పనివాడికి రాదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. 500 కటింగ్‌కి పన్నుతో 590 అయ్యేది ఇప్పుడు 525. షాపు కొన్న సరుకుల మీద కట్టిన పన్నుని ఇందులో సర్దుకునే వీలు (ఇన్‌పుట్ క్రెడిట్) తీసేశారు కాబట్టి ఆ నష్టాన్ని కొందరు అసలు రేటులో కలిపేసి ఉండొచ్చు. అలా కలపని చోట మనకి మిగిలింది 65 రూపాయలు. దాన్ని ఎవరికివ్వాలో నేను చెప్పక్కర్లేదు. మా వీధి చివరి షాపుల్లాంటివాటికి ఈ గొడవే లేదు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమైతే జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

ఆడవాళ్ల పార్లర్ల విషయానికొస్తే మా ఆవిడ చెప్పిందే రాస్తున్నాను, నాకు అక్కడ ప్రవేశం లేదు. కాలనీల్లో ఇంటి ముందు గదిలో ఒకావిడ నడిపే పార్లర్‌కీ, పదిమంది పనిచేసే పెద్ద పార్లర్‌కీ అదే తేడా. ఇంట్లో నడిపే అక్కకి ఐబ్రోస్‌కి 50 అంటే 50, పైన ఇస్తే "వద్దు వదినా" అంటుంది. పెద్ద పార్లర్‌లో మణిపూర్ నుంచో మిజోరం నుంచో వచ్చిన అమ్మాయి గంటన్నర కింద కూర్చుని పాదాలు రుద్ది పెడిక్యూర్ చేస్తే ఇవ్వకుండా ఎలా వస్తామంది. పెళ్లికూతుళ్ల మేకప్ ఇంకో ప్రపంచం. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తమయితే అర్ధరాత్రి నుంచే పక్కనుండి చీర కుచ్చిళ్లు పెట్టే అసిస్టెంట్‌కి మేకప్ ఆర్టిస్ట్ ప్యాకేజీలో దక్కేది తక్కువే. పెళ్లివారు ఆ అమ్మాయి చేతిలో జాకెట్ గుడ్డ, పండు, తాంబూలంతో పాటు ఓ నోటు పెట్టడం మంచి ఆనవాయితీ. యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చే బ్యుటీషియన్లది కూడా ఇదే వరస. మనం కట్టిన దాంట్లో కంపెనీ కమీషన్ పోతుంది, వాడే సరుకు ఖర్చూ వాళ్ల మీదే పడుతుంది, బస్తాడు బరువు వేసుకుని స్కూటీ మీద వస్తారు.

కల్యాణకట్టలో

టిప్పు అనగానే చాలామంది తెలుగువాళ్ల మనసులో మెదిలేది సెలూన్ కాదు, తిరుమల కల్యాణకట్ట. అక్కడ తలనీలాలు తీయడం ఉచితం. టోకెన్, బ్లేడు దేవస్థానమే ఇస్తుంది. డబ్బు ఇవ్వవద్దని బోర్డులుంటాయి, మైకుల్లో చెబుతుంటారు. అయినా గుండు చేయడం పూర్తవుతుండగా "సంతోషంగా ఏదైనా ఇవ్వండి" అన్న మాట చెవిన పడిన అనుభవం తరాల నుంచీ ఉంది. 2017లో భక్తుల దగ్గర డబ్బు తీసుకుంటున్నారని 200 మందికి పైగా క్షురకులను అక్కడ విధుల్లోంచి తప్పించారు. పెద్ద వార్త అయింది.

అప్పట్లో వాదన రెండు వైపులా వినబడింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పేదవాడి దగ్గర, బ్లేడు తల మీద ఉండగా అడగడం బలవంతమే, సందేహం లేదు. సగం గుండుతో ఎవరు కాదనగలరు? కానీ వాళ్లలో చాలామంది పర్మినెంట్ ఉద్యోగులు కారు, పీస్ రేటు మీద పనిచేసేవాళ్లు. గుండుకి ఇన్ని రూపాయలని లెక్క. ఆ తలల మీద నుంచి రాలిన జుట్టు వేలంలో దేవస్థానానికి ఏటా వంద కోట్లకు పైగా వస్తుంది. 2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఆలయాల్లోని క్షురకులు కనీస వేతనం కావాలని సమ్మెకి దిగారు. అంటే వాళ్లు అడిగింది టిప్పులు కాదు. టిప్పు అడగాల్సిన అవసరం లేని జీతం.

కల్యాణకట్టలో నేను ఇవ్వను. ఉచితమని చెప్పిన చోట ఒకరిచ్చిన 50, వెనక వరసలో ఇవ్వలేనివాడి మీద ఒత్తిడి అవుతుంది. సెలూన్‌లో నేనిచ్చిన 20 వల్ల పక్కవాడికి నష్టం లేదు, ఇక్కడ ఉంది.

చట్టం ఏమంటుంది

సెలూన్ టిప్పు మీద మన దగ్గర ప్రత్యేకంగా చట్టమేదీ లేదు. హోటళ్లు సర్వీస్ ఛార్జీ దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. అది హోటళ్ల గురించి చెప్పినదే అయినా ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడ్డదే టిప్పు అన్న సూత్రం అందులో ఉంది.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది 2016లో సుప్రీంకోర్టు ఐటీసీ హోటళ్ల కేసులో ఇచ్చిన తీర్పు. గిరాకీ ఇచ్చిన టిప్పు యజమాని చేతుల మీదుగా పనివాడికి చేరినా అది జీతం కాదని, అది ఆ గిరాకీకీ ఈ పనివాడికీ మధ్య సంగతని కోర్టు చెప్పింది. కేసు నడిచింది టీడీఎస్ గురించి, అంటే యజమాని జీతంలోంచి ముందే కోసి కట్టే పన్ను గురించి. నాకు మాత్రం దాన్ని చదివితే ఇంకోటి తోచింది. జీతం కాని డబ్బుకి పీఎఫ్ పెరగదు, బ్యాంకు లోను రాదు, ఒంట్లో బాగోక పడుకున్న రోజు అది రాదు. టిప్పులు బాగా వస్తాయిలే అని చెప్పి జీతం తక్కువగా మాట్లాడే ఓనర్లున్నారు. మనమిచ్చేది పనివాడికి అదనంగా పడుతోందా, ఓనర్ మిగుల్చుకోవడానికి పనికొస్తోందా అన్న అనుమానం ఎప్పుడూ ఉండాల్సిందే.

డల్లాస్‌లో అయితే

ఈ అనుమానం పెరిగి పెద్దదై వ్యవస్థ అయిపోయిన దేశం అమెరికా. టిప్పులొచ్చే పనివాళ్లకి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలని అక్కడ ఫెడరల్ (కేంద్ర) చట్టం ఒప్పుకుంటుంది. టిప్పులతో కలిపి కనీస వేతనం 7.25 డాలర్లకి చేరాలి, చేరకపోతే తేడా యజమాని కట్టాలి. ఆ 2.13 అంకె 1991 నుంచీ కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువ ఇవ్వమంటాయి, కాలిఫోర్నియా లాంటివి ఈ మినహాయింపే ఒప్పుకోవు. టెక్సస్ మాత్రం ఫెడరల్ లెక్కనే పట్టుకుంది. డల్లాస్ వెళ్లిన మనవాళ్లకి తగిలేది అదే.

మరో పద్ధతి కుర్చీ అద్దె. హెయిర్ డ్రెసర్ వారానికింతని సెలూన్‌కి కట్టి, ఒక కుర్చీ తీసుకుని సొంత గిరాకీలని పిలుచుకుంటుంది. ఆమె ఉద్యోగి కాదు, చిన్న వ్యాపారి. ఇన్సూరెన్సూ, సెలవులూ ఏవీ రావు. ఓనర్‌కి టిప్పు ఇవ్వక్కర్లేదన్న పాత మర్యాద అక్కడా ఉంది కానీ, కుర్చీ అద్దె లెక్క చూస్తే ప్రతివాళ్లూ ఓనరే. అందుకే ఆ మర్యాద అక్కడ చెల్లకుండా పోయింది.

కొత్తగా వెళ్లిన తెలుగు విద్యార్థికి మొదటి కటింగ్ రోజు గట్టిగా తగులుతుంది. 25 డాలర్లని చూసి కూర్చుంటాడు. లేచాక ట్యాబ్ తిప్పి చూపిస్తారు: 18, 20, 25 శాతం. వెనక ఇద్దరు నిలబడి చూస్తుంటారు. మనసులో రూపాయల్లోకి మార్చుకుంటూ 20 నొక్కుతాడు, ఐదు డాలర్లు పోతాయి. నెల తిరిగేసరికి రూమ్మేట్ ట్రిమ్మర్ కొంటాడు, అందరికీ అతనే బార్బర్. మా బావమరిది జీరో కటింగ్ చరిత్ర అలాగే మొదలైంది. అక్కడ ఇవ్వకపోవడం పొదుపు కాదు, పనిచేసినవాళ్ల కూలి ఎగ్గొట్టడం కింద లెక్క. చేరిన ఊళ్లో ఆ ఊరి పద్ధతే. 2025లో తెచ్చిన పన్ను చట్టం ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పుల ఆదాయానికి 2028 వరకు ఫెడరల్ ఆదాయ పన్నులో మినహాయింపు ఇచ్చింది, బార్బర్లు, హెయిర్ డ్రెసర్లు ఆ జాబితాలో ఉన్నారు. టిప్పుని ఆ దేశం ఎంత గట్టిగా జీతం చేసేసిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. గిరాకీలిచ్చిన టిప్పులు మొత్తం పనివాళ్లకే చేరాలని, యజమాని అందులోంచి కోత పెట్టకూడదని 2024 అక్టోబర్ 1 నుంచి అక్కడ చట్టం. సెలూన్లకూ వర్తిస్తుంది. మనకి కావాల్సింది ఇలాంటిదేనని నాకనిపిస్తుంది. ఎవరెంతివ్వాలో చట్టం చెప్పక్కర్లేదు, ఇచ్చింది ఎవరికి చేరాలో చెబితే చాలు. జపాన్‌లో అయితే టిప్పు ఊసే లేదు. బల్ల మీద వదిలేసి వస్తే మర్చిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు. మా వీధి ఓనర్ మూడు పది నోట్లు వెనక్కిచ్చినట్టు.

మరి ఎంత?

పర్సెంటేజీలు మనకి నప్పవు. 150 కటింగ్‌కి పది శాతమంటే 15, దాన్ని ఎవరిస్తారు? నేను పాటించేది చెబుతాను. వాటా మీద పనిచేసే కుర్రాడికి 20 నుంచి 30. ఆదివారం రద్దీలో కూడా కంగారు పడకుండా చేస్తే 50. చైన్ సెలూన్‌లో కటింగ్‌కి 50, కలర్ లాంటి గంటల తరబడి పనికి 100 నుంచి 200, తల కడిగిన కుర్రాడికి విడిగా 20. ఓనరే చేస్తే ఏమీ లేదు, పండక్కి చూసుకుంటాను. కటింగ్ బాగోకపోతే ఇవ్వను, కానీ ఇవ్వకుండా మొహం ముడుచుకుని రావడం కన్నా చెవుల దగ్గర ఎక్కువ తీసేశావని చెప్పి రావడం మేలు. చేతిలో డబ్బు లేని నెల ఇవ్వకపోతే ఏ కత్తెరా మెడ మీదకి రాదు. ప్రతి నెలా అదే మనిషి దగ్గరికి వెళతాం కాబట్టి లెక్క ఒక్క రోజుతో తేలేది కాదు.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి మాత్రం వేరే రేటు ఉండాలంటాను. మా చిన్నవాడు కుర్చీ మీద అడ్డచెక్క వేసి కూర్చోబెట్టగానే ట్రిమ్మర్ శబ్దానికి షాపు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. నేను తల పట్టుకుంటే, ఆ కుర్రాడు నోటితో ఈల వేస్తూ, టీవీలో కార్టూన్ పెట్టించి, కత్తెరతోనే నలభై నిమిషాలు చేశాడు. బోర్డు మీద పిల్లల కటింగ్ 100. అంత తక్కువెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, తల చిన్నదే కానీ పని పెద్దది.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాను. ఈసారి జేబులో పది నోట్లు పెట్టుకునే వెళ్లాను. కటింగ్ అయ్యాక మెడ మీద పౌడర్ కొట్టి బ్రష్‌తో దులుపుతూ కుర్రాడు కాస్త వంగాడు. ఓనర్ కౌంటర్ దగ్గర ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "సార్, నోట్లు వద్దు, రూమ్‌లో పోతున్నాయి" అని మెల్లగా అన్నాడు. మెడకి కట్టిన గుడ్డ విప్పి దులిపి, దాని చాటున తన ఫోన్ చూపించాడు. తెర మీద అతని సొంత స్కానర్ ఉంది. 30 కొట్టాను. సౌండ్ ఆఫ్‌లో పెట్టుకున్నాడు. తర్వాత లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి 150 కొట్టాను. డబ్బా అరిచింది.